డ్రైవర్ ఉంటేనే సిస్టం: ఉత్తర తెలంగాణలో పాత విండోస్ ముప్పై ఏళ్లు

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఇంటి కంప్యూటర్లను నమోదు చేసుకున్నవాళ్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయని గడువు పెట్టారు. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు ఇలాంటి గడువులు కొత్త కాదు. 2006 జులైలో విండోస్ 98, 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీ, 2020 జనవరిలో విండోస్ 7 ఇట్లాగే కంపెనీ జాబితా నుంచి తప్పుకున్నాయి. కానీ ఇక్కడి డీటీపీ షాపుల్లో, జిన్నింగు మిల్లుల కాంటా గదుల్లో, రక్త పరీక్షల ల్యాబుల్లో అవి ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచాయి. నడిపినవాళ్లు వేరే ఉన్నారు. ఈ ముప్పై ఏళ్లను వెనక్కి తిరిగి చూస్తే నాకు ముందుగా కనిపించేది వాళ్లే: సీడీ పౌచ్ చంకన పెట్టుకుని, స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని, బండి మీద ఊరూరా తిరిగిన హార్డ్‌వేర్ పిల్లలు.

ప్రింటర్ చేసేది ఒక కంపెనీ, విండోస్ చేసేది ఇంకో కంపెనీ. ఇద్దరికీ మాట కలిపే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. అది లేకపోతే కొత్త ప్రింటరైనా డబ్బాలో ఉన్నట్టే. మన దిక్కు బాగున్న యంత్రాలు మూలకు పడ్డది ఎక్కువగా కాలిపోయి కాదు, తగిన డ్రైవర్ దొరక్క. అందుకే ఈ ప్రాంతపు కంప్యూటర్ చరిత్రను మెషిన్ల కొనుగోళ్ల లెక్కతో రాస్తే సగమే రాసినట్టు. డ్రైవర్ ఎవరి దగ్గర ఉంది, ఎట్లా చేతులు మారింది, ఎప్పుడు దొరకకుండా పోయింది అన్నదే మిగతా సగం.

మన దేశంలో ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. విండోస్ 95 విడుదలైంది సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు 24న. రెండూ ఉత్తర తెలంగాణకు చేరడానికి మాత్రం ఏళ్లు పట్టింది. 1990 దశకం చివర ఇక్కడికి వచ్చినవాటిలో ఎక్కువ శాతం బ్రాండెడ్ కంప్యూటర్లు కావు, అసెంబుల్డ్ మెషిన్లు. కరీంనగర్ బస్సులు ఆగే జూబ్లీ బస్ స్టేషన్‌కు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పెద్ద దూరం కాదు. అందరూ సీటీసీ అని పిలిచే ఆ భవనంలోనే మదర్‌బోర్డు, ర్యామ్, క్యాబినెట్, మానిటర్ విడివిడిగా కొని, సాయంత్రం బస్సుకు వెనక్కి తెచ్చుకునేవారు. అక్కడి నుంచి కరీంనగర్‌కు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్‌కు దాదాపు 300. పార్టు పాడైతే మళ్లీ తెచ్చుకోవచ్చు. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీ పోతే మాత్రం అసలు కష్టం మొదలయ్యేది.

విండోస్ 98 ఎక్కించిన తర్వాత డివైస్ మేనేజర్ తెరిస్తే పసుపు రంగు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడి ఉండేవి. సౌండ్‌కు ఒకటి, డిస్‌ప్లేకు ఒకటి, మోడెమ్‌కు ఒకటి. మోడెమ్ డ్రైవర్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఇంటర్నెట్‌కు వెళ్లాలంటే మోడెమ్ పనిచేయాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. పెన్‌డ్రైవ్‌కు కూడా విండోస్ 98లో విడిగా డ్రైవర్ వేయాల్సి వచ్చేది. ఆ డ్రైవర్ ఉన్న చిన్న సీడీ పెన్‌డ్రైవ్ డబ్బాలోనే వచ్చేది, డబ్బాతోపాటే చెత్తలోకి పోయేది.

అందుకే సీడీ పౌచ్‌కు అంత విలువ. ఇంటెల్ 810, 845, 865, వయా, సిస్ చిప్‌సెట్ల సీడీలు, మెర్క్యురీ బోర్డుల సీడీలు, ఏసీ97 సౌండ్, డీ-లింక్ మోడెమ్. ప్రతి దాని మీద మార్కర్‌తో రాసిన పేరు. ఒక షాపులో లేని సీడీ పక్క షాపులో అడిగి తెచ్చుకుని, కాపీ కొట్టుకుని, తిరిగి ఇచ్చేసేవారు. వ్యాపారంలో పోటీ ఎంత ఉన్నా డ్రైవర్ సీడీ దగ్గర మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం నడిచింది. ఆ నడవడి లేకపోతే మండల కేంద్రాల్లోని కంప్యూటర్లు ఎన్నో ఏడాది తిరక్కముందే మూగబోయేవి.

చేయి తిరిగినవాళ్లు సీడీ లేకున్నా దారి కనిపెట్టారు. ప్రతి పరికరానికీ లోపల రెండు గుర్తింపు సంఖ్యలుంటాయి, ఒకటి తయారీదారుది, రెండోది పరికరానిది. తయారీదారు సంఖ్య 8086 అయితే ఇంటెల్, 1106 అయితే వయా, 1039 అయితే సిస్. ఇంటెల్ తన పేరు పొందిన పాత ప్రాసెసర్ నంబరునే గుర్తుగా పెట్టుకుంది. 8086 పక్కన 2562 కనిపిస్తే అది 845జీ చిప్‌సెట్‌లోని గ్రాఫిక్స్. ఇవి ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎవరూ చెప్పిన పాఠాలు కావు. పదో తరగతితో చదువు ఆపినవాళ్లు కూడా కాగితం ముక్క మీద రాసుకుని, నెట్ సెంటర్‌కు పోయి వెతికి, ఫ్లాపీలో దించుకొచ్చి నేర్చుకున్నారు. దాన్ని నేను విద్య అనే అంటాను.

2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీతో ఈ బాధ చాలా తగ్గింది. సాధారణ పరికరాల డ్రైవర్లు దానిలోనే ఉండేవి. తెలుగువాళ్లకు ఇంకో కారణం వల్ల కూడా అది ముఖ్యం: యూనికోడ్ తెలుగును, గౌతమి ఫాంటును వెంట తెచ్చిన విండోస్ అది. కాకపోతే ఆ తెలుగు దానంతటది తెరమీద సరిగా కుదురుకునేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి సంక్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించమని టిక్కు పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడుగుతుంది. సీడీ దుకాణంలో, సిస్టం ఇంట్లో. వెబ్‌సైట్లలో తెలుగు చదువుకోలేక అక్షరాల చోట డబ్బాలు చూసినవాళ్లలో చాలామందికి అడ్డుపడింది ఈ ఒక్క టిక్కే. మరోపక్క డీటీపీ ప్రపంచం యూనికోడ్ వైపు చూడనే లేదు. కలెక్టరేట్, కోర్టు చుట్టుపక్కల షాపుల్లో తెలుగు టైపుకు అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీల అమరికకు పేజ్‌మేకర్ జంటగా స్థిరపడ్డాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లోనే. పెళ్లి కార్డుల నుంచి కరపత్రాల దాకా అన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి కాబట్టి ఎక్స్‌పీని వదలడమంటే పాత పనినంతా వదలడమే. ఇంత గట్టి కారణం ఉన్నవాళ్లను పాతనే పట్టుకు వేలాడుతున్నారని అనడం అన్యాయం.

2004 ఆగస్టులో ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. పూర్తి ఫైలు సుమారు 266 ఎంబీ. డయలప్‌లో సెకనుకు నాలుగున్నర కేబీ వస్తే మంచి లైను అనుకునే రోజులు. ఆ లెక్కన పదహారు గంటలకు పైగా ఫోను ఎత్తకుండా, కరెంటు పోకుండా ఉండాలి. బొగ్గు తవ్వి, రామగుండంలో విద్యుత్తు పుట్టించి దేశానికి పంపే ప్రాంతంలోనే కోతలు రోజువారీ సంగతి. ఇక సర్వీస్ ప్యాక్ దిగేదెక్కడ? 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. తర్వాత వచ్చిన ప్లాన్లలో రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా లెక్కలేని డేటా ఇచ్చారు. రెండింటికి అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్న తరం ఉత్తర తెలంగాణలో ఇంటింటా ఉంది. దిగిన ఫైలును సీడీలో కాల్చి పది మందికి పంచితే ఆ ఊరికి అదే విండోస్ అప్‌డేట్. డిజిట్, పీసీక్వెస్ట్ లాంటి ఇంగ్లిష్ పత్రికల వెంట వచ్చే సీడీలు, తెలుగులో నల్లమోతు శ్రీధర్ నడిపిన కంప్యూటర్ ఎరా పత్రిక ఆ కొరతను కొంత తీర్చాయి. నా లెక్కలో కంప్యూటర్ ఎరా చేసిన పెద్ద మేలు ఏమిటంటే, రిపేరు విద్యను ఇంగ్లిష్ రాని పిల్లల చేతికి తెచ్చింది.

దొంగ కాపీల ముచ్చట దాచాల్సింది కాదు. అసెంబుల్డ్ మెషిన్లలో చాలావాటిలో ఉన్నది కొనని విండోసే. 2005లో మైక్రోసాఫ్ట్ అసలు, నకిలీ తేల్చే తనిఖీని తప్పనిసరి చేశాక భయంతో అప్‌డేట్లను పూర్తిగా ఆపేయడం రివాజైంది. నిజానికి నకిలీ అని తేలినా అత్యవసర భద్రతా అప్‌డేట్లు ఆటోమేటిక్ దారిలో వచ్చేవి. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఫలితం పెన్‌డ్రైవ్ వైరస్‌లు. 2008 అక్టోబరు 23న కంపెనీ విడుదల చేసిన ఒక్క ప్యాచ్ వేసుకుని ఉంటే తర్వాతి నెలల్లో కాన్‌ఫికర్ పురుగు నెట్‌వర్క్ గుండా అంత సులువుగా పాకేది కాదు. ఫోటో స్టూడియో నుంచి జిరాక్స్ షాపుకు, అక్కడి నుంచి కాలేజీ ల్యాబుకు పెన్‌డ్రైవ్ ఎటు పోతే వైరస్ అటు పోయింది. "అన్నా, సిస్టం లేస్తలేదు" అని ఫోను. "ఫార్మాట్ కొడదాం తీయ్, డ్రైవర్ల సీడీ ఉన్నది గదా" అని జవాబు. ఫార్మాట్ అన్నిటికీ మందైంది. ఆ మందుతో పిల్లల ఫోటోలు, షాపుల ఖాతాలు ఎన్ని కొట్టుకుపోయాయో.

ఈ కథలో ఎక్కువ కాలం నిలిచిన పాత్ర డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. జమ్మికుంట, పెద్దపల్లి, ఆదిలాబాద్ మార్కెట్లలోని అడ్తి దుకాణాల్లో టీవీఎస్, ఎప్సన్ ప్రింటర్లు కార్బన్ పెట్టి మూడు కాపీలు కొట్టేవి. ఖాతాలేమో ఫాక్స్‌ప్రోలో ఎవరో రాసిచ్చిన డాస్ ప్రోగ్రాం. అది నేరుగా ఎల్‌పీటీ1 అనే పోర్టుకే రాత పంపుతుంది, విండోస్ డ్రైవర్ జోలికి పోదు. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ 25 పిన్నుల పోర్టు మాయమయ్యాక యూఎస్‌బీ కేబుల్ పెట్టారు. విండోస్ నుంచి ప్రింటు వచ్చింది, ఖాతా ప్రోగ్రాం నుంచి రాలేదు. అప్పుడు కనిపెట్టిన ఉపాయం ఇది: ప్రింటర్‌ను షేర్ చేసి, అదే కంప్యూటర్‌లో నెట్ యూజ్ కమాండుతో ఆ షేరును ఎల్‌పీటీ1 అని నమ్మించడం. ప్రోగ్రాం పాత పోర్టుకే పంపుతున్నాననుకుంటుంది, రాత మాత్రం యూఎస్‌బీలోంచి పోతుంది. 64 బిట్ విండోస్ వచ్చి డాస్ ప్రోగ్రాంలనే లేవనీయకపోయేసరికి ఈ ఉపాయానికీ కాలం చెల్లింది. అప్పటికీ పట్టు వదలనివాళ్లు 32 బిట్ విండోస్ 7నే వేసుకున్నారు, లేదా డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో ఖాతాలు తెరిచారు.

లేజర్ ప్రింటర్లలో హెచ్‌పీ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900 ఇక్కడి షాపులకు అన్నం పెట్టాయి. తక్కువ ధరకు కారణం వాటి లోపలే ఉంది: పేజీని తయారుచేసే పని ప్రింటర్ చేయదు, కంప్యూటర్‌తో చేయించుకుంటుంది. 1020 అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేర్‌ను కూడా కంప్యూటర్ నుంచే తెచ్చుకుంటుంది. కాబట్టి డ్రైవర్ లేని 1020 వట్టి ఇనుము. విండోస్ మారినప్పుడల్లా ముందు "1020కి డ్రైవర్ వచ్చిందా?" అని అడిగి గానీ ఎవరూ కదల్లేదు.

ప్రభుత్వ బడుల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పెట్టినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు వాడారు. ఒక కంప్యూటర్‌లో పీసీఐ కార్డు పెట్టి, దాని నుంచి తీగలు లాగి, చిన్న డబ్బాలకు మానిటర్, కీబోర్డు కలిపితే ఒకే సీపీయూ మీద అయిదారుగురు పిల్లలు కూర్చోవచ్చు. ఖర్చు తగ్గింది, కరెంటు తగ్గింది, ఆలోచన మంచిదే. కానీ అది కార్డు, డ్రైవర్, ఆ డ్రైవర్ ఒప్పుకునే విండోస్ వెర్షన్ మూడూ సరిపడితేనే లేస్తుంది. హోస్ట్ సిస్టంలో విండోస్ చెడితే ఒకటి కాదు, బల్ల మొత్తం చీకటి. కంపెనీలు అయిదేళ్లు నడిపి అప్పగించే పద్ధతిలో ఒప్పందాలు చేసుకున్నాయి. గడువు తీరి, నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయాక, ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించేవాళ్లు లేక మంచి మానిటర్లు బీరువాల పక్కన దుమ్ము పట్టాయి. డబ్బు పెట్టి గదులు నింపి, సీడీ ఎవరు దాచాలో, ఏడాదికోసారి ఎవరు వచ్చి చూడాలో మాత్రం ఆలోచించలేదు. ఆసిఫాబాద్ అడవి పల్లెల పిల్లలకు మళ్లీ అలాంటి అవకాశం తొందరగా రాదు కాబట్టి ఈ నష్టం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

పత్తి కాంటాల దగ్గర జరిగింది ఇంకో రకం. వేబ్రిడ్జి మీద బండి నిలబడితే బరువు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా అంకె కంప్యూటర్‌లోకి వస్తుంది. కొత్త కంప్యూటర్లకు ఆ కేబుల్ పెట్టే కామ్ పోర్టు లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాలి. చవక కన్వర్టర్లలో ఉండేది ప్రోలిఫిక్ 2303 చిప్, లేదా దాని నకలు. నకళ్లను అడ్డుకోవడానికి, పాత చిప్‌లను వదిలించుకోవడానికి ప్రోలిఫిక్ కంపెనీ కొత్త డ్రైవర్లు వాటితో పనిచేయకుండా చేసింది. విండోస్ అప్‌డేట్ తనంతట తానే కొత్త డ్రైవర్ తేగానే కోడ్ 10 అని చూపి కన్వర్టర్ ఆగిపోయేది. మందు: 2008 నాటి పాత డ్రైవర్‌ను వెతికి ఎక్కించి, దాన్ని మార్చవద్దని విండోస్‌కు చెప్పడం. 2014లో ఇలాంటి చిప్‌లే చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ ఇంకా ముందుకుపోయి, నకలు చిప్‌ల గుర్తింపు సంఖ్యనే సున్నా చేసేసింది. అదీ విండోస్ అప్‌డేట్ ద్వారానే వచ్చింది. చిప్ నకలని కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. సీజన్లో బండ్లు బారులు తీరి ఉంటే శిక్ష పడేది పత్తి తెచ్చిన రైతుకు. అప్‌డేట్ అంటే ఇక్కడ ఎందుకు భయమో తెలియాలంటే ఈ ఒక్క ఉదంతం చాలు.

తలుపుల మీద పూలు, దేవుళ్లను చెక్కే సీఎన్‌సీ యంత్రాలదీ ఇదే దారి. వాటిలో ఒక రకం పీసీఐ కార్డుతో ఎక్స్‌పీ మీదే నడుస్తుంది. ఇంకో రకాన్ని నడిపే మాక్3 ప్రోగ్రాం పాత ప్రింటర్ పోర్టుతో పనిచేయాలంటే 32 బిట్ విండోస్ తప్పదు. లక్షల యంత్రం పక్కన వేల కంప్యూటర్. ఆ చిన్నది పోతే పెద్దది ఆగుతుంది కాబట్టి ఓనర్లు పాత మదర్‌బోర్డులను స్పేర్‌గా కొని పెట్టుకున్నారు. ఆ యంత్రాలకు ఇంటర్నెట్ తీగ కలపకపోవడమే సరైన పని అని నా గట్టి అభిప్రాయం.

2017 మే 12న వానాక్రై పురుగు ప్రపంచాన్ని కుదిపినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మద్దతు ముగిసి మూడేళ్లయినా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి ప్యాచ్ ఇచ్చింది. విండోస్ 7 వాళ్లకు రెండు నెలల ముందే ప్యాచ్ వచ్చింది, కానీ వేసుకున్నదెవరు? అప్పటికి విండోస్ 7లో అప్‌డేట్ నొక్కితే గంటలకొద్దీ వెతుకుతూ ఉండిపోయేది. 2015లో వచ్చిన కేబీ 3020369 అనే నంబరు అప్‌డేట్ ముందు వేసి, 2016 మేలో ఇచ్చిన మూట కేబీ 3125574 తర్వాత వేస్తే పని గంటలోకి వచ్చేది. ఈ వరస తెలిసినవాడు షాపుకు దొరికిన వరం.

అదే కాలంలో కొత్త మదర్‌బోర్డులు ఎదురు తిరిగాయి. 2015 నాటి ఇంటెల్ స్కైలేక్ బోర్డుల్లో విండోస్ 7 ఎక్కించబోతే భాష ఎంచుకునే తెర దగ్గరే మౌస్, కీబోర్డు కదలవు. విండోస్ 7 డీవీడీలో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. పాత గుండ్రటి పీఎస్2 కీబోర్డు ఎవరి దగ్గరుంటే వాళ్ల పని నడిచింది, లేనివాళ్లు డ్రైవర్‌ను ఇన్‌స్టాలేషన్ ఫైళ్లలో కలిపి కొత్త పెన్‌డ్రైవ్ చేసుకున్నారు.

పాత విండోస్‌లకు తలుపులు మూసుకోవడం 2019 నుంచి జోరందుకుంది. ఆ ఏడాది విండోస్ 7 అప్‌డేట్లు, ఫైలు అసలుదేనని తేల్చే కొత్త షా-2 సంతకంతోనే రావడం మొదలయ్యాయి. కేబీ 4474419, కేబీ 4490628 లేని సిస్టం వాటిని గుర్తుపట్టదు. ఆ ఏడాది నవంబరులో ఇంటెల్ తన పాత బోర్డుల బయోస్‌లు, డ్రైవర్లు చాలావాటిని వెబ్‌సైట్ నుంచి తీసేసింది. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ పాత షా-1 సంతకం ఉన్న డౌన్‌లోడ్లను తొలగించింది, ఎక్స్‌పీకి విండోస్ అప్‌డేట్ కూడా అంతటితో ఆగింది. తర్వాత 2022లో లెగసీ అప్‌డేట్ పేరుతో ఔత్సాహికులు ఒక సర్వీసు పెట్టి పాత విండోస్‌లకు మళ్లీ అప్‌డేట్లు అందేలా చేశారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. మరోవైపు డ్రైవర్ వెతికి పెడతామంటూ ప్రకటనలు, అక్కర్లేని బ్రౌజర్లు అంటగట్టే ప్రోగ్రాంలు ఎక్కువయ్యాయి. నేను చెప్పేది ఒక్కటే: తయారీదారు సైటు, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ చూశాకే మరో చోటు చూడాలి.

మీ సేవ 2011 నవంబరులో వచ్చాక డ్రైవర్ అవసరం సర్టిఫికెట్ల దాకా పాకింది. తహసీల్దార్ డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌కు ఒకటి, వేలిముద్ర యంత్రానికి ఒకటి. ఆధార్ సంస్థ భద్రత పెంచుతూ వేలిముద్ర యంత్రాలకు, నమోదైన పరికరాలనే ఒప్పుకునే ఆర్‌డీ సర్వీసు తప్పనిసరి చేసింది, తర్వాత పాత ఎల్0 రకాన్ని పక్కనపెట్టి కొత్త ఎల్1 రకం తెచ్చుకోమంది. భద్రతకు అది అవసరమే. కానీ ఎంఎఫ్ఎస్ 100 అనే పాత రకం యంత్రం కొన్న పల్లె కేంద్రానికి మళ్లీ కొత్త యంత్రం కొనే భారం. ఆసరా పింఛను కోసం వేలు పెట్టిన ముసలవ్వకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసింది ఇవాళ యంత్రం తీసుకోలేదనే.

ఇప్పుడు విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటోంది, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటోంది. అంతకు ముందువి పనికిరానివి కావు. స్వేచ్ఛ లాంటి తెలుగు సంస్థలు ఏళ్లుగా చెబుతున్న లినక్స్ దారి వాటికి ఉంది. 1020 ప్రింటర్‌కు ఔత్సాహికులు రాసిన డ్రైవర్ లినక్స్‌లో ఎప్పటి నుంచో ఉంది. అను ఫాంట్ల ఫైళ్లు, కాంటా ప్రోగ్రాంలు వదల్లేనివాళ్లు పాత విండోస్‌ను నెట్ లేకుండా ఉంచుకోవచ్చు.

అన్నిటికంటే ముందు జరగాల్సింది ఆ సీడీ పౌచ్‌లను కాపాడటం. బూజు పట్టిన సీడీలు ఇంకో పదేళ్లకు చదవరావు. బాసర ట్రిపుల్ ఐటీ, జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీ, శాతవాహన విశ్వవిద్యాలయం, ఊళ్లలోని పాలిటెక్నిక్‌లు తలుచుకుంటే ఇది కష్టమైన పని కాదు. తయారీదారులు ఉచితంగా ఇచ్చిన డ్రైవర్లను మాత్రమే తీసుకోవాలి. ప్రతి దానికీ బోర్డు పేరు, గుర్తింపు సంఖ్యలు, ఏ విండోస్‌కు, 32 బిట్టా 64 బిట్టా అని రాయాలి. ఫైలు మారలేదని తేల్చే హ్యాష్ విలువ పక్కన పెట్టాలి. వైరస్ లేదని చూసి, రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ఊళ్లలో ఉంచాలి. పనిలో పనిగా ఆ హార్డ్‌వేర్ పిల్లల దగ్గర, అంటే ఇప్పుడు నలభై దాటిన ఆ అన్నల దగ్గర కూర్చుని, ఏ ప్రింటర్‌కు ఏ పాత డ్రైవర్ ఎందుకు పనిచేసిందో రాసుకోవాలి. వాళ్లలో చాలామంది ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నారు, మొబైళ్లు బాగుచేస్తున్నారు, కొందరు గల్ఫ్‌కు పోయారు. పౌచ్‌లు మాత్రం ఇంట్లో అటక మీద ఉన్నాయి, అడిగితే ఇస్తారు.